కేకలపెట్టి అప్ప

అప్ప పోయిందన్న సంగతి నాకు మా పాత ఫ్లయింగ్ స్కూలు ఫోన్ గ్రూపులో తెలిసింది. ఒక మెకానిక్ ఆమె ఫొటో పెట్టి, కింద ఒక్క ముక్క రాశాడు: "మన రికార్డుల అప్ప నిన్న కాలం చేసింది."

ఆ మధ్యాహ్నమంతా సంతాపాలు వరసగా వచ్చాయి. "గొప్ప మనిషి." "అంత శ్రద్ధగా పనిచేసేవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?" "మా అందరికీ అమ్మలాంటిది." చదువుతుంటే నాకు ఏడుపు కంటే ముందు ఒళ్లు మండింది. వీళ్లలో ఒక్కొక్కరి చేతా ఒక్క కాగితం మీద నాలుగు ముక్కలు రాయించడానికి ఆమె ఆరు నెలలు తిరిగింది. అమ్మలాంటిదని ఇప్పుడు రాసినాయన, అప్పట్లో ఆమె ఫైలు పట్టుకుని వస్తుంటే చూసి హ్యాంగర్ వెనక తలుపులోంచి జారుకునేవాడు.

నేను కూడా ఏదో రాశాను. చెరిపేశాను. ఆమెని తిప్పించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. అందరికంటే నేనే ఎక్కువ.

మాది చిన్న ఫ్లయింగ్ స్కూలు. విజయనగరం దాటి గరివిడి వైపు వెళ్తుంటే జీడితోటల మధ్య ఒక రన్‌వే, విమానాలు నిలిపే ఒక హ్యాంగరు, ఐదు శిక్షణ విమానాలు, పదకొండు మంది పైలట్లం. పొద్దున్నే ఫ్యాక్టరీ గొట్టాల పొగ ఎటు వాలిందో చూసి ఆ పూట గాలి ఎటుందో చెప్పుకునేవాళ్లం. హ్యాంగర్‌ని ఆనుకుని ఒక రేకుల గది ఉండేది. అదే రికార్డ్ రూము. అందులో అప్ప. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డున ఆమె ఊరు. చేపల వేట మీద బతికే కుటుంబం. ఎలా చదువుకుందో, ఈ ఉద్యోగంలోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఒకసారి అడిగితే, "బస్సెక్కి వచ్చినాను" అంది. ఏ విమానం ఎన్ని గంటలు ఎగిరిందో, ఏ భాగానికి గడువు ఎప్పుడు తీరుతుందో రిజిస్టర్లలో ఎక్కించడం ఆమె పని. ప్రతి వరస కిందా అడుగు స్కేలు ఆనించి చదివేది. కళ్లజోడు చెయ్యి ఒకటి విరిగితే, మెకానిక్‌లు బోల్టులు కదలకుండా చుట్టే సన్నటి తీగతో కట్టించుకుంది. కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటే, "ఇమానానికి పనికొచ్చిన తీగ నా ముక్కుకి పనికిరాదేటి?" అనేది.

సోమవారం ఊరి నుంచి వస్తూ మెకానిక్‌ల కోసం ఎండుచేపల పొట్లాలు తెచ్చేది. ఆ రోజు గది నిండా వాసన. మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ గుమ్మంలోనే ఆగి, "ఇది రికార్డ్ రూమా, చేపల బజారా?" అని ముక్కు మూసుకునేవాడు. "రెండూనండి. మీకేటి కావాలి?" అనేది అప్ప తలెత్తకుండా.

విమానం లేచేటప్పుడు ఆమె ఎప్పుడూ బయటికి వచ్చి చూసేది కాదు. దిగేటప్పుడు మాత్రం చేతిలో పెన్ను అలాగే పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. చక్రాలు నేలకి తగిలాక పెదాలు కదిపి ఏదో అనుకుని లోపలికి వెళ్లేది. పొద్దున్న ఎన్ని వెళ్లాయో అన్నీ వచ్చేదాకా కుర్చీలో సరిగా కూర్చునేది కాదు. ఒకరోజు సరదాగా, "రా అప్పా, ఒక చుట్టు తిప్పి తీసుకొస్తాను" అన్నాను. ఆమె నవ్వలేదు. "నానెక్కీసినాననుకో, ఇక్కడ లెక్క సూసీదెవులు?" అంది.

ఇక ఆ పెట్టె సంగతి. ప్రతి విమానం తోకలోనూ ఒక పెట్టె ఉంటుంది. విమానం నేలని గుద్దుకుంటే ఆ దెబ్బకి అది తనంతట తాను మేలుకుని ఉపగ్రహాలకి సంకేతం పంపిస్తుంది. దాన్ని అత్యవసర లొకేటర్ ట్రాన్స్‌మిటర్ అంటారు. అంత పేరు పలకడానికి అప్పకి తీరిక ఉండేది కాదు. "కేకలపెట్టి" అనేది. మా విమానాల్లో ఉన్నవి పాత రకం. ఫలానా విమానం పడిపోయిందని అవి చెబుతాయి. ఎక్కడ పడిపోయిందో చెప్పవు. ఆ సంకేతాలు పట్టుకుని ఉపగ్రహాలే చోటు అంచనా వెయ్యాలి. ఆ అంచనాలో అటూ ఇటూ కొన్ని కిలోమీటర్లు తేడా రావచ్చు. మైదానంలో అది పెద్ద తేడా కాదు. మా పక్కన ఉన్న కొండల్లో కొన్ని కిలోమీటర్లంటే ఇంకో లోయ. కొత్త రకం పెట్టెకి జీపీఎస్ కలిపి ఉంటుంది. అది కేక వేసినప్పుడే తానున్న చోటు కూడా చెప్పేస్తుంది.

ఈ తేడా మాకెవరికీ పట్టలేదు. బ్యాటరీ గడువుల కోసం ఆ పెట్టెల పుస్తకం తిరగేస్తూ అప్ప పట్టుకుంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివిందట. చదివి, తిన్నగా యజమాని గదికి వెళ్లింది. ఆయన అంతా విని, "మార్చడానికి నాకేం అభ్యంతరం లేదమ్మా. నడిపేది పైలట్లు. వాళ్లు కావాలంటే మారుద్దాం. అందరి అభిప్రాయాలూ రాయించి పట్టుకురా" అన్నాడు.

ఆయనకి మేమేం రాస్తామో తెలుసు. తెలియనిది ఆమెకే.

పదకొండు తెల్లకాగితాల మీద తనే స్కేలుతో గీతలు గీసి, పైన ప్రశ్న రాసి మా వెనక పడింది. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్, "పడిపోయేవాడికి కదమ్మా పెట్టె కావాలి. నా విద్యార్థులు పడిపోరు" అన్నాడు. అదే రాసి సంతకం పెట్టాడు. ఇంకొకాయన, "గట్టిగా దిగినప్పుడల్లా అది మోగుతుంది. అధికారులు ఫోన్ చేస్తే సంజాయిషీ ఎవరు చెబుతారు?" అన్నాడు. ఆ మాటలో కొంత నిజముంది. మరొకాయన, "జేబులో ఫోన్ ఉంది, దాంట్లో మ్యాపుంది. ఈ పెట్టె ఎందుకు?" అన్నాడు. "ఆ కొండల్లో నీ పోన్లో గీతలొత్తాయేటి బాబూ?" అని అడిగింది అప్ప. ఆయన టీ తాగడం ముగించుకుని వెళ్లిపోయాడు.

అందరిలోకీ తెలివైనవాడు ఒకడు, పెట్టె పనితీరు గురించి నిజంగా తెలిసినవాడు, గట్టి మాటే అన్నాడు. "అప్పా, విమానం గుద్దుకుంటే ముందు విరిగేది పైనున్న యాంటెన్నా. అది విరిగాక పాత పెట్టె అయినా కొత్త పెట్టె అయినా మూగదే."

ఆమె ఆ రాత్రంతా ఆలోచించినట్టుంది. మర్నాడు అతను విమానం ఎక్కుతుంటే రెక్క పక్కకి వచ్చి నిలబడింది. "ఇరిగిపోయే ముందు ఒక్క కేక ఎయ్యదేటి? ఆ ఒక్క కేకలోనే ఊరు పేరు సెప్పీయాల. పాతదానికైతే పది కేకలు కావాల. నీకు పది కేకలు ఏసే తీరిక ఉంటాదో నేదో."

అతను నిజమేనని తలూపాడు. అయినా కాగితం మీద మాత్రం "అవసరం లేదు" అనే రాశాడు. ఎందుకు రాశావని తర్వాత నేనడిగితే, "అందరూ అదే రాశారు కదా" అన్నాడు.

నేను అందరికంటే ఆలస్యంగా రాశాను. రోజూ రేపు, రేపు అన్నాను. చివరికి క్యాంటీన్లో ఇడ్లీ తింటుంటే వచ్చి కాగితం పళ్లెం పక్కన పెట్టింది. నా పక్కన ఇద్దరు పైలట్లు ఉన్నారు. వాళ్లు నవ్వాలని రాశాను: "ఉన్నది చాలు. మేం రన్‌వే చుట్టూ గానుగెద్దుల్లా తిరిగేవాళ్లం. తప్పిపోవాలన్నా తప్పిపోలేం." కింద సంతకం. వాళ్లు నవ్వారు. అప్ప స్కేలు లేకుండానే ఆ రెండు వరసలూ చదివింది. చదివి, ఇడ్లీ తడి అంటిన మూలని కొంగుతో తుడిచి, ఫైల్లో పెట్టుకుంది.

అప్పటినుంచే ఆమెకి 'కేకలపెట్టి అప్ప' అని పేరు పడింది. పెట్టింది ఎవరో చెప్పను గానీ, వాడింది అందరం.

ఆమె ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉండి తీరాలని మాలో మేమే ఒక కథ అల్లుకున్నాం. ఆమె తండ్రి వేటకెళ్లి తిరిగి రాలేదని, ఏ దిక్కున వెతకాలో తెలియక ఊరంతా ఒడ్డున నిలబడిపోయిందని. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను నమ్మాను. కాగితం మీద వెటకారం రాసినందుకు కొంచెం సిగ్గేసి, ఒకరోజు రికార్డ్ రూములో ఆమె దగ్గర కూర్చుని, "మీ నాన్నగారి సంగతి విన్నాను అప్పా" అన్నాను, గొంతు తగ్గించి.

ఆమె స్కేలు బల్ల మీద టప్పున పెట్టింది.

"ఏటి ఇన్నావు?"

చెప్పాను.

"మా అయ్య మంచం మీద పోనాడు. మనవల చేతి నీళ్లు తాగి పోనాడు. ఎవులు సెప్పినారు నీకీ కత?" ఆమె ముఖం ఎర్రబడింది. అంత కోపం నేను అంతకుముందు చూడలేదు. "ఒకలు సస్తేనే గానీ ఇంకొకలికి బుద్ధి రాకూడదేటి? మా ఇంట్లో పీనుగ లెగిస్తేనే నాను ఈ మాట అడగాలేటి? పుస్తకంలో రాసున్నాది. సదివినాను. సదివినాక ఊరుకోనేను. అంతే. ఇంకేటీ నేదు."

ఆ రోజు నేను గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు కూడా ఆ కాగితం మార్చి రాస్తానని అనలేదు. అదొక్కటి అని ఉంటే సరిపోయేది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఒక విమానాన్ని ఒడిశా వైపు చిన్న ఎయిర్‌స్ట్రిప్‌కి మరమ్మతుకి పంపారు. దాన్ని తిరిగి తెచ్చే పని నాది. ఒక్కణ్ణే ఉన్నాను. పొద్దున్న పది దాటింది. కొండల మీదికి వచ్చాక ఇంజను శ్రుతి తప్పింది. మా నాన్న విజయనగరంలో వయొలిన్ పాఠాలు చెప్పేవారు. చిన్నప్పటినుంచి ఇంట్లో శ్రుతి తప్పితే ముందు నా చెవికే తెలిసేది. గేజీలు చెప్పకముందే ఇంజను కిందికి జారుతోందని తెలిసింది. రెండు నిమిషాల్లో అది ఆగిపోయింది. రేడియోలో ఆపద పిలుపు ఇచ్చాను. అప్పటికే కొండ శిఖరం కంటే కిందికి దిగిపోయాను. నా పిలుపు ఎవరికీ అందలేదు.

ఘాటీ రోడ్డు పైనుంచి జారి, లోయలో పోడు సాగుకి చెట్లు కొట్టిన నేల చెక్క ఒకటి కనిపిస్తే దాని మీద దించాను. నేల వాలుగా ఉంది. ఒక మోడుని గుద్దుకుని విమానం పక్కకి తిరిగిపోయింది. తోక పైన ఉన్న యాంటెన్నా సగం విరిగి వేలాడి, కాసేపటికి ఊడిపడింది. నా ఎడమ కాలు పెడల్ కింద ఇరుక్కుని విరిగింది. ఎలాగో లాక్కుని బయటపడ్డాను. ఫోన్ తీశాను. ఒక్క గీత కూడా లేదు.

పెట్టె మేలుకున్నట్టు ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. అది నా గురించి ఏం చెబుతోందో, అసలు చెబుతోందో లేదో నాకు తెలియదు. మధ్యాహ్నానికి హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. చొక్కా విప్పి ఊపడానికి సిద్ధంగా పట్టుకున్నాను. చప్పుడు దగ్గరికి వచ్చింది, వెళ్లింది, మళ్లీ వచ్చింది. హెలికాప్టర్ మాత్రం కనిపించలేదు. అది కొండకి అవతలి లోయలో వెతుకుతోంది. గంటన్నర వెతికింది. నేను గొంతు పోయేలా అరిచాను. హెలికాప్టర్లో ఉన్నవాళ్లకి కింద మనిషి అరుపు వినబడదని పైలట్‌గా నాకు తెలుసు. అయినా అరిచాను. తర్వాత ఆ చప్పుడు కూడా పోయింది. ఆ నిశ్శబ్దంలో నాకు నా కాగితం గుర్తొచ్చింది. కాలి నొప్పికి కళ్లు మూతలు పడుతున్నా, నా దస్తూరీలో ఆ రెండు వరసలూ కనిపిస్తూనే ఉన్నాయి.

ఆ సమయంలో అప్ప ఏం చేసిందో తర్వాత మెకానిక్‌లు చెప్పారు.

ఉపగ్రహాల కేంద్రం నుంచి ఫోన్ ముందు ఆమెకే వచ్చింది. ఆపదలో ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసే ఆ పెట్టెల నమోదు పత్రంలో అంతకుముందు ఎప్పుడో మానేసిన మేనేజరు నంబరు ఉంటే, దెబ్బలాడి తన నంబరు రాయించుకుంది. సంకేతం రెండు మూడుసార్లే అందిందని, అంచనాగా ఫలానా చోటని వాళ్లు చెప్పారు. "అంచనా అంటే ఏ పక్క లోయండి?" అని అడిగింది. వాళ్లు చెప్పలేకపోయారు. హెలికాప్టర్ వెతకడానికి బయల్దేరాక అందరూ హ్యాంగర్లో రేడియో చుట్టూ మూగారు. అప్ప మాత్రం తన గదిలోకి వెళ్లి పాత ఫైళ్లు తీసింది. మాకు ఇంజనాయిలు డబ్బాలు సాలూరు లారీలో వచ్చేవి. ఆ రసీదు మీద లారీ ఆఫీసు నంబరు ఉంది. దానికి ఫోన్ చేసింది.

"బాబూ, నాను ఇమానాల స్కూలు నుంచి మాటాడతన్నాను. ఇయాల పొద్దున్న ఘాటీ దిగిన మీ డ్రైవర్లందర్నీ అడుగు. ఇమానం కిందకి దిగిపోవడం ఎవులైనా సూసినారా? బేగి అడుగు నాయనా."

వాళ్లకి తెలియకపోతే వాళ్ల దగ్గర ఇంకో ఆఫీసు నంబరు తీసుకుంది. అక్కడి నుంచి ఇంకోటి. ఏడో ఆఫీసులోనో ఎనిమిదో ఆఫీసులోనో ఒక డ్రైవరు దొరికాడు. టీ తాగుతూ తోటి డ్రైవర్లకి చెప్పి నవ్వించుకుంటున్నాడట: "సప్పుడు నేకుండా తెల్లటి ఇమానం మా లారీ కన్నా కిందకి ఎలిపోనాది" అని. ఎవరూ నమ్మలేదు. అప్ప నమ్మింది. ఏ మలుపు, ఎన్నో మైలురాయి, ఎడమా కుడా, అన్నీ రాసుకుంది. హెలికాప్టర్ అప్పటికే తిరిగి వెళ్లిపోయింది కాబట్టి అతన్నే వెనక్కి పంపించింది. సూర్యుడు కొండ వెనక్కి పోతుండగా ఆ డ్రైవరూ ఇంకో నలుగురూ లారీకి కట్టే మోకులు పట్టుకుని లోయలోకి దిగారు. నన్ను తార్పాలిన్‌లో చుట్టి పైకి మోశారు.

ఆస్పత్రికి చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ వచ్చాడు, యజమాని వచ్చాడు. అప్ప రాలేదు. మెకానిక్ చేత ఎండుచేపల పొట్లం మాత్రం పంపించింది.

మూడు వారాలకి కర్రల మీద నడవగలిగాను. విచారణ అధికారి వస్తున్నాడని తెలిసింది. పెట్టెలు ఎందుకు మార్చలేదని అడుగుతాడని, యజమాని అప్పటికే అప్ప దగ్గర ఫైలు అడిగాడని కూడా తెలిసింది. నేను వెంటనే రికార్డ్ రూముకి వెళ్లాను. అప్ప లేచి కుర్చీ నా వైపు తోసింది.

"కాలెలాగున్నాది?"

"బాగానే ఉంది. అప్పా, ఆ ఫైల్లో నా కాగితం ఒకటుంది."

"ఉన్నాది."

"అది తీసెయ్యి. ఇంకోటి రాసిస్తాను. పాత తేదీ వేసి ఇస్తాను. నీకే కదా మంచిది? ఒక్క పైలటైనా మార్చమన్నాడని ఫైల్లో ఉంటుంది. విచారణలో యజమాని తప్పించుకోలేడు. పెట్టెలు మార్చక తప్పదు."

ఆమెకి ఆశ పుట్టిందని నాకు తెలుస్తూనే ఉంది. ఫైలు తీసింది. నా కాగితం ఉన్న చోట తెరిచింది. దాని మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఫైలు మూసేసింది.

"నాను ఒప్పను బాబూ."

"ఎందుకు? నువ్వు కోరుకున్నదే కదా?"

"నీ ఇమానం ఇంజను గంటలు ఎవులు రాసినారు? నానే గదా. ఇయాల నీ కాయితం మారిస్తే, రేపు ఆ గంటలు నిజమని ఎవులు నమ్ముతారు? ఆ పెట్టి బేటరీ గడువు నిజమని ఎవులు నమ్ముతారు? నీకిప్పుడు బుద్ధొచ్చినాది. మంచిది. ఇప్పుడొచ్చినాదని రాయి." సొరుగులోంచి తెల్లకాగితం తీసి నా ముందు పెట్టింది. "ఇయాల్టి తారీకు ఎయ్యి."

రాశాను. లోయలో ఏం జరిగిందో, హెలికాప్టర్ ఎక్కడ తిరిగిందో, అంతా రెండు పేజీలు రాశాను. ఆమె స్కేలు పెట్టుకుని ప్రతి వరసా చదివి, నా పాత కాగితం వెనకే గుచ్చింది.

విచారణలో యజమాని ఆ ఫైలే అధికారి ముందు పెట్టాడు. "పదకొండు మంది పైలట్లని అడిగామండి. పదకొండు మందీ వద్దన్నారు. ప్రమాదంలో పడ్డ పైలట్ కూడా." అధికారి ఆ రెండు వరసలూ పైకి చదివి, "ఇది మీ సంతకమేనా?" అని నన్ను అడిగాడు. అవునన్నాను. వెనక ఉన్న రెండు పేజీలు కూడా చూడమన్నాను. ఆయన తిరగేసి, "ఇది ప్రమాదం తర్వాత రాసింది" అని పక్కన పెట్టేశాడు.

ఆమె పెట్టెలు మార్పించడానికి పోగుచేసిన కాగితాలే మార్చనందుకు సాక్ష్యమయ్యాయి. గుమ్మం బయట నిలబడి అప్ప అదంతా విన్నది. నేను కర్రలు టకటకలాడించుకుంటూ బయటికి వచ్చేసరికి ఆమె గోడ వైపు తిరిగి ఉంది. "అప్పా" అన్నాను. "మాటాడకు. నాతో ఒక్క మాట మాటాడకు" అంది. నా మీద కోపమా, తన మీదా, ఆ ఫైలు మీదా, నాకు ఈ రోజుకీ తెలియదు.

చివరికి మిగిలిన నాలుగు విమానాల్లో రెండింటికి కొత్త పెట్టెలు వచ్చాయి. మిగతా వాటికి వచ్చే ఏడు చూద్దామన్నారు. అప్ప ఆ మిగతా వాటి కోసం మళ్లీ తెల్లకాగితాలు గీసింది. ఈసారి నేను ఆమె వెంట తిరిగాను. నలుగురు రాశారు. మిగతావాళ్లు, "నీ ఇంజను ఆగిపోతే మేమేం చేస్తాం?" అని నా మీదే జోకులు వేశారు. రెండేళ్లకి నేను వేరే ఊళ్లో ఉద్యోగానికి వెళ్లిపోయాను. ఆమె పని మానేసి ఊరికి వెళ్లిపోయింది. అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఆ మిగతా రెండింటికీ మార్సినారా?" అని అడిగేది. నాకేం తెలుసు, నేనక్కడ లేను కదా అని విసుక్కునేవాణ్ణి. ఒకసారి మీటింగులో ఉన్నానని అబద్ధం చెప్పి పెట్టేశాను. ఆ తర్వాత ఆమె చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

గ్రూపులో సంతాపాలు ఆగిపోయిన పది రోజులకి ఆమె ఊరు వెళ్లాను. ఇసక మీద వల పరుచుకుని చిరుగులు కుట్టుకుంటున్న మనిషి లేచి, నేను ఫలానా అని చెప్పగానే చేతులు పట్టుకున్నాడు. అప్ప తమ్ముడు. ఇంట్లోకి తీసుకెళ్లి మంచం వాల్చాడు. భార్య మంచినీళ్లు ఇచ్చింది. అప్ప చివరి రోజుల గురించి చెబుతుంటే వింటూ గది చూశాను. చెక్క అలమరలో బియ్యం డబ్బా పక్కన ప్లాస్టిక్ కవరు కూడా విప్పని పెట్టె ఒకటి ఉంది. చూడగానే పోల్చుకున్నాను. వేట పడవలకి ప్రభుత్వం ఇచ్చే పెట్టె. ఆపదలో మీట నొక్కితే పడవ ఎక్కడుందో ఒడ్డుకి చెబుతుంది.

"ఇది ఇక్కడెందుకుంది?"

"పడవకి కట్టుకోమని ఇచ్చినారండి. సంద్రంలో తడిసిపోతాదని జాగర్త సేసినాను."

"తడిసినా పాడవకుండానే కదయ్యా చేసింది దాన్ని!"

అతను నవ్వాడు. "అప్ప కూడా ఇలాగే అరిసీది. పోయే ముందురోజు కూడా అడిగినాది, కట్టినావా అని. కట్టీసినానని సెప్పీసినాను. పేనం పోయే మనిషికి ఇంకేటి సెప్తాం?"

లేచి అలమరలోంచి పెట్టె తీశాను. కవరు చింపేశాను. అతను "బాబూ, బాబూ" అంటూ వెనకాల వస్తున్నా ఆగకుండా, సరిగా అతకని ఆ కాలుతోనే ఇసకలో ఈడ్చుకుంటూ ఒడ్డుకి నడిచాను.

"ఏది నీ పడవ?"

చూపించాడు. వెనక కొయ్యకి పెట్టె ఆనించి, పడవలో దొరికిన నైలాను తాడుతో నాలుగు చుట్లు చుట్టి బిగించాను. అతను చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"కట్టండి బాబూ, మీ తృప్తి. మీరు బస్సెక్కినాక ఇప్పీసి ఇంట్లో ఎట్టీసుకుంటాను." ఏమాత్రం కపటం లేకుండా, నవ్వుతూనే చెప్పాడు.

"వేటకి ఎప్పుడు వెళ్తావు?"

"రేపు తెల్లారగట్ల."

"అయితే నువ్వెళ్లేదాకా నేను వెళ్లను" అని పడవ అంచు మీద కూర్చున్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. పెట్టె వైపు చూశాడు. కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత ఇంటి వైపు తిరిగి, "ఒసే, బాబుక్కూడా అన్నం ఎట్టు. ఈయన ఇప్పట్లో కదిలీలాగ నేరు" అన్నాడు.